డ్యామ్‌లో చేపల వేటకు సెకండ్‌హ్యాండ్ ఫైబర్ పడవ: చూసి, తట్టి, తూచి కొనడం ఎలా

పాత పడవ చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత ఇంజన్ మోత వింటారు, ఆపైన బేరంలోకి దిగుతారు. పడవ ఎంత బరువుందో అడిగేవాళ్లు చాలా తక్కువ. కానీ ఫైబర్ పడవ ఆరోగ్యం బయటపడేది బరువులోనే. ఏళ్ల తరబడి లోపలికి చేరిన నీళ్లను రంగు కప్పేస్తుంది, తూకం మాత్రం దాచలేదు. ఇక్కడ చెప్పేది 14 నుంచి 18 అడుగుల ఫైబర్ పడవల గురించి. సాగర్, శ్రీశైలం, శ్రీరాంసాగర్, సోమశిల లాంటి జలాశయాల్లోనూ పెద్ద చెరువుల్లోనూ ఇద్దరు మనుషులు వల వేసుకునే పడవలివి. చెక్క పడవ, పుట్టి (వెదురుతో అల్లిన గుండ్రటి పడవ) కొనేవాళ్లకు కూడా చివర్లో కొంత ఉంది.

ముందు మీ నీళ్లేవో తేల్చుకోండి

పడవ బాగుందా లేదా అన్నది తర్వాతి మాట. మీ నీళ్లకు సరిపోతుందా అన్నది ముందు తేలాలి.

ఊరి చెరువులో, అలలు లేని చోట, 12 నుంచి 14 అడుగుల సమతల అడుగు పడవ చాలు. గడకర్రతో తోసుకోవచ్చు, ఒడ్డుకు ఇద్దరు లాగేయొచ్చు. గుర్రపుడెక్క ఎక్కువగా ఉండే చెరువుకు ఇంజన్ పడవ కొనకండి. నీళ్లలో తిరిగే ఇంజన్ ఫ్యానుకు తీగలు చుట్టుకుని రోజుకు పదిసార్లు ఆపాల్సి వస్తుంది.

పెద్ద జలాశయం సంగతి వేరు. నాగార్జునసాగర్ నిండినప్పుడు నీళ్లు సుమారు 285 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి, శ్రీశైలం 600 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరం అడ్డం లేకుండా గాలి వీస్తే అల లేవడానికి అరగంట పట్టదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలివాన, జూన్, జూలైల్లో ఎడతెగని పడమటి గాలి, ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకునే పడవ ఎంచుకోవాలి. అలాంటి చోటికి 16 అడుగులకు తగ్గకూడదు. అడుగు కొద్దిగా వి ఆకారంలో ఉండాలి. సరుకంతా ఎక్కాక కూడా నీటి మట్టం నుంచి పడవ పై అంచు దాకా కనీసం ఒక అడుగు ఎత్తు మిగలాలి. చెరువులో 8 అంగుళాలు మిగిలినా పని జరుగుతుంది.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో 830ల్లోకి దిగిన ఏళ్లున్నాయి. అంటే నీటి అంచు ఒడ్డు నుంచి చాలా దూరం జరిగిపోతుంది. ఆ రాళ్ల మీద పడవను రోజూ ఈడ్చాలి. పైగా నీళ్లు తగ్గినప్పుడు ముంపులో మునిగిన మోడులు, పాత గట్లు నీటి మట్టం దాకా వస్తాయి, కానీ పైకి సరిగా కనపడవు. అలాంటి చోట తిరిగిన పడవకు దెబ్బలు అడుగునే ఉంటాయి. చూసే కన్ను అక్కడే పెట్టాలి.

బరువు లెక్క కూడా ఇంట్లోనే వేసుకోండి. ఇద్దరు మనుషులు 140 కిలోలు, తడిసిన వలలు 50, ఇంజన్, పెట్రోలు 45, చేపలు, ఐసు 120. మొత్తం 355 కిలోలు. 16 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న పడవ ప్రతి 100 కిలోలకు దాదాపు ఒక అంగుళం దిగుతుంది. ఈ లెక్కన మీ సరుకుకు మూడున్నర అంగుళాలు. నీళ్లలో పరీక్షించేటప్పుడు ఈ అంకె పనికొస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

పడవను ఒడ్డుకెక్కించి, ఖాళీ చేసి, కనీసం రెండు రోజులు ఎండలో ఆరబెట్టమని ముందే చెప్పండి. తడి పడవలో పగుళ్లు కనపడవు. పగలు వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం 8 గంటల వేళ అయితే మరీ మంచిది, చిన్న ఉబ్బు కూడా నీడ వేస్తుంది. నిన్నా మొన్నా రంగు వేసిన పడవ అయితే ధర ఎంత తక్కువ చెప్పినా తొందరపడకండి. అమ్మే ముందు రంగు వేయడం తప్పు కాదు. కానీ ఆ రంగు కింద ఏముందో చూడాలంటే రెండు మూడు చోట్ల గీకనివ్వాలి. అందుకు ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి.

వెంట ఉండాల్సినవి: ఐదు రూపాయల బిళ్ల, ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరు, టార్చిలైటు, కొలతల టేపు, 20 అడుగుల పురికొస, సుద్దముక్క, నీలం సిరా, పాత గుడ్డలు, 200 కిలోల దాకా తూచే వేలాడే కాటా. చేపల వ్యాపారులను, పాత ఇనుము కొనేవాళ్లను అడిగితే కాటా ఒక పూటకు ఇస్తారు.

బోర్లించి అడుగు చూడండి

పడవను బోర్లించమని అడగండి. నలుగురు చాలు. తిరగేయడానికి అమ్మేవాళ్లు నసిగితే అడుగున చూపించకూడనిది ఏదో ఉందని అనుకోవడం తప్పు కాదు.

ముందు కొస నుంచి వెనక పలక దాకా అడుగు మధ్యలో పురికొస బిగించి పట్టుకోండి. వెనక సగం భాగంలో పురికొసకూ అడుగుకూ మధ్య సందు అరంగుళం మించి కనపడితే పడవ వంగిపోయింది. ఆసరా సరిగా లేకుండా ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన పడవలకు ఇలా అవుతుంది. ఫైబర్ మెల్లగా కుంగుతుంది, మళ్లీ లేవదు. తెడ్డుతో నడిపే పడవకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. ఇంజన్ బిగించిన పడవ మాత్రం వేగం అందుకోగానే ముక్కు నీళ్లలోకి దించుకుంటుంది.

తర్వాత మధ్య వెన్ను మీద వేలితో రాస్తూ పోండి. రాళ్ల మీద ఈడ్చిన చోట పైపూత అరిగి, తెల్లటి గాజుపీచు నూలుపోగుల్లా బయటపడుతుంది. పైపూతను పనివాళ్లు జెల్ కోటు అంటారు. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే. పీచు బయటపడిందంటే ఆ పోగుల వెంట నీళ్లు దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు ఎక్కుతాయి. చెయ్యి వెడల్పున ఒకటి రెండు చోట్ల అయితే సరిచేయొచ్చు. వెన్ను పొడవునా పీచు లేచి ఉంటే ధరలో గట్టిగా తగ్గించమనాలి.

సన్న గీతల్లాంటి పగుళ్ల మీద సిరా రాసి, తడిగుడ్డతో తుడవండి. సిరా పగులులో నిలిచి గీత స్పష్టంగా కనపడుతుంది. సాలెగూడులా చుట్టూ పరుచుకున్న సన్న పగుళ్లు సాధారణంగా పైపూతవే. ఏదో తగిలి వచ్చినవి. అదే చోట లోపలి వైపు కూడా పగులు ఉందేమో చూడండి. లోపల తెల్లగా మచ్చ కట్టి ఉంటే దెబ్బ పొరల దాకా దిగిందని అర్థం. ఒకే వరసలో, సమాంతరంగా, అడ్డపలక ఉన్న చోటనే నాలుగైదు పగుళ్లుంటే అది దెబ్బ కాదు. ఆ చోట పడవ ప్రతి అలకూ వంగుతోందన్నమాట. పలుచగా కట్టిన పడవ. దాన్ని అతికినా మళ్లీ పగులుతుంది.

మోకాలితో అడుగును గట్టిగా నొక్కండి. కొద్దిగా కదిలితే పర్వాలేదు. నూనె డబ్బా మూతలా లోపలికి పోయి టక్కున బయటికొస్తే ఆ పడవ వద్దు.

తట్టి వినండి

ఐదు రూపాయల బిళ్ల అంచుతో జానెడుకొక చోట తట్టుతూ అడుగంతా, పక్కలంతా తిరగండి. మంచి ఫైబర్ గట్టిగా, పలుచగా, ఖంగుమంటుంది. పొరలు విడిపోయిన చోట మొద్దుగా, డబడబమని బోలు శబ్దం వస్తుంది. శబ్దం మారిన ప్రతిచోటా సుద్దతో గీత గీయండి. పని అయ్యాక దూరంగా నిలబడి చూస్తే సుద్ద గీతలే జబ్బు ఎంత మేర పాకిందో చెబుతాయి. లోపల అడ్డపలకో, గాలిపెట్టో (పడవను తేల్చే మూసిన పెట్టె) తగిలిన చోట కూడా శబ్దం మారుతుంది, దాన్ని చూసి కంగారు పడకండి. లోపలివైపు ఏముందో చూసి పోల్చుకోండి. అరచేయంత విడిన చోటు ఒకటి ఉంటే రిపేరు. తలుపు రెక్కంత ఉంటే ఆ పడవ కట్టేటప్పుడే రెజిన్ (గాజుపీచును అతికే జిగురు) సరిగా పట్టలేదు.

బొబ్బలు

అడుగున చింతగింజ నుంచి రూపాయి బిళ్ల దాకా సైజులో ఉబ్బులు కనపడితే ఒకదాన్ని స్క్రూడ్రైవరు మొనతో పొడవండి. లోపలి నుంచి జిగట నీరు వచ్చి, పులిసిన వాసన, సిర్కా వాసన వేస్తే అది నీళ్లు దిగిన బొబ్బ. పొడిగా ఉంటే రంగు లేచిందంతే.

ఉప్పు నీళ్లలో కంటే మంచినీళ్లలోనే ఈ బొబ్బలు ఎక్కువ. ఫైబర్‌లో కరిగే పదార్థాలు కొద్దిగా ఉంటాయి. బయట నీళ్లు ఎంత పలుచన అయితే ఆ పదార్థాలు వాటిని అంత గట్టిగా లోపలికి లాక్కుంటాయి. అందుకే ఏడాది పొడవునా డ్యామ్ నీళ్లలోనే లంగరు వేసి ఉంచిన పడవకంటే, వేట అయ్యాక ఒడ్డుకు లాగి ఆరబెట్టిన పడవ పదేళ్ల తర్వాత కూడా గట్టిగా ఉంటుంది. పడవ రాత్రుళ్లు ఎక్కడుండేదో అమ్మేవాళ్లను తప్పకుండా అడగండి. రేవులో పక్కవాళ్లను కూడా అడగండి.

వెనక పలక

ఇంజన్ బిగించే వెనక పలక లోపల సాధారణంగా ప్లైవుడ్ ఉంటుంది, రెండు వైపులా ఫైబర్ కప్పి ఉంటుంది. బోల్టు రంధ్రాల నుంచి నీళ్లు దిగి ప్లైవుడ్ కుళ్లడం ఈ పడవల్లో అన్నిటికంటే మామూలు జబ్బు, అన్నిటికంటే ఖర్చు తెచ్చేది కూడా.

నాలుగు పనులు చేయండి. బోల్టుల చుట్టూ గోధుమరంగు నీటిచారలున్నాయేమో చూడండి. పలక మందం పైన, కింద టేపుతో కొలవండి. కింద ఉబ్బి ఎక్కువుంటే ప్లైవుడ్ నీళ్లు తాగింది. బిళ్లతో తట్టండి. ఇంజన్ బిగించే ఉంటే దాని కాలు (నీళ్లలోకి దిగే కింది భాగం) పట్టుకుని ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపండి. ఒకరు ఊపుతుంటే మరొకరు పలక పక్కలకు కలిసే మూలలు చూడాలి. అక్కడ సందు తెరుచుకుని మూసుకుంటుంటే పలక పోయింది.

ఇంకా అనుమానం ఉంటే ఒక బోల్టు విప్పి, ఆ రంధ్రంలో స్క్రూడ్రైవరు తిప్పి తీయమనండి. పొడి చెక్కపొట్టు వస్తే మంచిది. నల్లగా, తడిగా, బురదలా వస్తే లోపలి ఫైబర్ కోసి, పాత ప్లైవుడ్ అంతా తీసి, కొత్త మెరైన్ ప్లైవుడ్ వేసి, మళ్లీ ఫైబర్ కట్టాలి. ఇది తెలిసిన పనివాడికి కూడా మూడు నాలుగు రోజుల పని. పైన రెండు పొరలు అతికిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. తడి లోపలే బందీ అయి కుళ్లు ఇంకా తొందరగా పాకుతుంది.

గాలిపెట్టెలు, తూకం

ఇక్కడ తీరిగ్గా ఉండండి. ప్రాణం ఇక్కడే ఉంది.

ఫైబర్ నీళ్లకంటే బరువు. చెక్క పడవ మునిగినా తేలుతుంది. ఫైబర్ పడవ నీళ్లు నిండితే ఇంజన్‌తో సహా అడుగుకు పోతుంది. అలా పోకుండా ఆపేవి ముందు, వెనక, బల్లల కింద కట్టిన మూసిన పెట్టెలు. కొన్నిటిలో ఉత్త గాలి ఉంటుంది, కొన్నిటిలో థర్మాకోల్ లేదా ఫోమ్. పెట్టె కొలతలు సెంటీమీటర్లలో తీసి, పొడవు, వెడల్పు, ఎత్తు హెచ్చించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. 100, 40, 30 సెంటీమీటర్ల పెట్టె 120 లీటర్లు. 180 కిలోల పడవకు, చిన్న ఇంజన్‌కు, అంచు పట్టుకుని వేలాడే ఇద్దరికి కలిపి కనీసం 150 లీటర్లు కావాలి, 200 ఉంటే నిశ్చింత. పెట్టెలన్నీ అడుగునే ఉంటే పడవ బోర్లా పడుతుంది. పక్కల పైభాగాన కొంత ఉండాలి.

ఇప్పుడు ఆ పెట్టెల్లో గాలి ఉందా, నీళ్లున్నాయా? పడవను ఇద్దరు ఒక పక్కకు ఎత్తి ఊపితే గలగలమంటే నీళ్లే. ఫోమ్ ఉన్న పెట్టెలు గలగలమనవు, నీళ్లు దానిలో ఇంకిపోయి ఉంటాయి. అందుకే కాటా.

గట్టి, చదునైన నేల మీద పడవను నిలబెట్టండి. వెనక కొస కింద ఒక ఇటుక పెట్టి, ముందు కొసకు తాడు కట్టి, కాటాకు తగిలించి, దూలానికో చెట్టు కొమ్మకో పుల్లీతో నేల నుంచి కొద్దిగా లేపండి. కాటా ఎంత చూపిందో రాసుకోండి. తర్వాత కొసలు మార్చి అదే పని. ముందు కొస ఇటుక మీద, వెనక కొస కాటాకు. ఇటుక పెట్టిన చోటే తాడు కట్టాలి, తాడు కట్టిన చోటే ఇటుక పెట్టాలి. రెండు అంకెలు కలిపితే పడవ మొత్తం బరువు. ఇంజన్, వలలు, చెక్క బల్లలు అన్నీ తీసేసి తూచండి.

16 అడుగుల తెరిచిన ఫైబర్ పడవ మామూలుగా 150 నుంచి 200 కిలోల మధ్య ఉంటుంది. కట్టినవాళ్లు దొరికితే కొత్తలో ఎంతుండేదో అడగండి. అదే అచ్చులో పోసిన పడవ రేవులో మరొకటి ఉంటే దాన్నీ తూచండి. 180 ఉండాల్సింది 230 తూగితే అందులో 50 లీటర్ల నీళ్లున్నాయి. ఆ 50 లీటర్లు మీరు మోయాల్సిన బరువే కాదు, ఆపదలో మిమ్మల్ని తేల్చాల్సిన గాలి అంత తగ్గిపోయిందని కూడా.

తడిసిన ఫోమ్ ఎండలో పెట్టినా ఆరదు. పెట్టె కోసి, తీసి పారేసి, కొత్తది నింపాలి. ఆ పని చేయించేటప్పుడు ఒక జాగ్రత్త: మామూలు పాలిస్టర్ రెజిన్ థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. ముందు థర్మాకోల్‌ను మందపాటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టాలి, లేదా ఆ చోట ఎపాక్సీ అనే వేరే రకం రెజిన్ వాడాలి. ఇది తెలియక నేరుగా రెజిన్ పోసినవాళ్ల పెట్టెలు పైకి బాగానే కనపడతాయి, లోపల సగం ఖాళీ.

నీళ్లలో దించి

ముందు ఒడ్డునే చిల్లులు వెతకొచ్చు. పడవను మట్టి బస్తాల మీద సమంగా ఆనించి లోపల రెండు అంగుళాల ఎత్తున నీళ్లు పోయండి. అంతకు మించి పోయకండి. ఆ రెండు అంగుళాలే 200 కిలోలు దాటుతాయి, ఆసరా లేని చోట పడవ విరుగుతుంది. అరగంట ఆగి బయట ఎక్కడ చెమ్మ పడుతోందో సుద్దతో గుర్తు పెట్టండి.

తర్వాత నీళ్లలోకి. లోపల గుడ్డతో పూర్తిగా తుడిచి, ఖాళీగా అరగంట వదలండి, ఆ తర్వాత ఇద్దరు ఎక్కి ఇంకో అరగంట. ఖాళీగా ఉన్నప్పుడు కారకుండా, మనుషులు ఎక్కాకే కారితే చిల్లు నీటి మట్టానికి కొద్దిగా పైన ఉంది, లేదా బరువుకు పగులు తెరుచుకుంటోంది.

ఇద్దరూ ఒకే పక్కకు వచ్చి వల లాగుతున్నట్టు వంగండి. ఆ వైపు అంచు నీటికి 4 అంగుళాల కంటే దగ్గరికి వస్తే ఆ పడవ వల పనికి ఇరుకు. గిల్ నెట్ (చేపలు మొప్పల దగ్గర చిక్కుకునే వల) లాగేటప్పుడు మనిషి బరువంతా ఒకే అంచు మీద పడుతుంది కదా. ఆ తర్వాత ఇంటి దగ్గర లెక్కేసుకున్న 355 కిలోలకు సరిపడా ఇసుక బస్తాలు వేసి, అంచు ఎంత మిగిలిందో టేపుతో కొలవండి.

వీలైతే ఇంకో పరీక్ష. ఇంజన్ తీసేసి, నడుము లోతు నీళ్లలో, పడవను పూర్తిగా నీళ్లతో నింపండి. పై అంచు నీటి మీద కనపడుతూ, ఇద్దరు పట్టుకుని వేలాడినా నిలవాలి. అమ్మేవాళ్లకు ఇది ఇష్టం ఉండదు. అయినా అడగండి. పెద్ద జలాశయంలో ఒడ్డుకు ఐదారు కిలోమీటర్ల దూరంలో ఈ పరీక్ష మొదటిసారి జరగకూడదు.

ఇంజన్

మీరు వెళ్లేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. ముందు చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే మొరాయించే ఇంజన్‌ను ముందే లేపి ఉంచారేమో. చల్లారాక మళ్లీ లాగమనండి. మూడు నాలుగు లాగుళ్లలో లేవాలి.

వెనక పలకకు బయట తగిలించే ఔట్‌బోర్డు ఇంజన్ అయితే కాలు పొడవు కొలవండి. పొట్టిది 15 అంగుళాలు, పొడవుది 20. పడవ వెనక పలక ఎత్తు దానికి సరిపోవాలి. పొట్టి కాలు ఎత్తు పలకకు వేస్తే ఫ్యాను గాలి కొడుతుంది, ఇంజన్ ఊరికే అరుస్తుంది. నడుస్తున్నప్పుడు పక్కనున్న చిన్న రంధ్రం నుంచి నీటి ధార గట్టిగా రావాలి. సన్నగా, ఆగి ఆగి వస్తే చల్లబరిచే నీటి పంపు రబ్బరు చక్రం అరిగింది, లేదా దారి మూసుకుంది. చక్రం ఖర్చు చిన్నదే. అది లేకుండా ఎంతకాలం నడిపారన్నదే అసలు ప్రశ్న.

కింద గేరు ఆయిల్ స్క్రూ విప్పి నాలుగు చుక్కలు చూడండి. టీలో పాలు కలిపినట్టుంటే నీళ్లు దిగాయి, సీలు పోయింది. అయస్కాంతానికి మెరుపు పొడి అంటుకుంటే పళ్లు అరుగుతున్నాయి. రెండు సిలిండర్ల ఇంజన్ అయితే మెకానిక్‌తో కంప్రెషన్ (సిలిండరు లోపలి ఒత్తిడి) చూపించండి. రెండింటి మధ్య తేడా 10 శాతం మించకూడదు. టూ స్ట్రోక్ ఇంజన్ పెట్రోల్లో ఆయిల్ ఎంత కలుపుతున్నారో మాటల్లో అడగండి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. వెంటనే చెప్పలేకపోతే ఆయిల్ సరిగా కలపక సిలిండరు లోపల గీతలు పడి ఉండొచ్చు.

ఇంజన్ సముద్రంలో వాడినదేమో, కోస్తా నుంచి వచ్చిందేమో అడగండి. అలాంటిదైతే ఉప్పు లోపలి నీటి దారుల్లో పేరుకుని ఉంటుంది. పైన రంగు వేసినా బోల్టు తలల చుట్టూ తెల్లటి పొడి కనపడుతుంది. సముద్రపు ఫైబర్ పడవలు కూడా తక్కువ ధరకు డ్యాముల దాకా వస్తుంటాయి. అవి 25, 30 అడుగులుండి, అలల మీద ఇసుక తీరానికి ఎక్కడానికి కట్టినవి. డ్యామ్ ఒడ్డున ఇద్దరు లాగలేరు. ఇంజన్ లేకుండా కదలవు.

పొడవాటి కడ్డీ చివర ఫ్యాను ఉండే లాంగ్ టెయిల్ ఇంజన్ మోడులున్న నీళ్లకు మంచిది, తగిలితే చేత్తో పైకి ఎత్తేయొచ్చు. దానిలో చూడాల్సింది కడ్డీ వంకర ఒకటి, చివరి బుష్ వదులు ఒకటి. ఫ్యాను పట్టుకుని అటూఇటూ ఊపితే లటలటలాడకూడదు.

చెక్క పడవ, పుట్టి

చెక్క పడవకు స్క్రూడ్రైవరు చాలు. పలకల కీళ్ల దగ్గర, మేకుల చుట్టూ, నీటి మట్టం గీత వెంబడి గుచ్చండి. పావంగుళం మించి సులువుగా దిగితే ఆ పలక మార్చాలి. ఒడ్డున నెల రోజులు ఎండిన చెక్క పడవ మొదటి రోజు కారుతుంది, చెక్క ఉబ్బి సందులు మూసుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మూడో రోజు కూడా కారితే అనుమానించండి.

పుట్టికి పై కప్పు మార్చుకోవచ్చు, తారు మళ్లీ పూసుకోవచ్చు. చూడాల్సింది వెదురు అల్లిక. అంచు కట్ట దగ్గర పిండి రాలుతుంటే పురుగు పట్టింది, కొనకండి.

కాగితాలు

యంత్రంతో నడిచే లోతట్టు పడవలకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం రిజిస్ట్రేషను, సర్వే, బీమా గురించి చెబుతుంది. మీరు కొనే పడవకు ఏది వర్తిస్తుందో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో డబ్బు ఇవ్వకముందే అడగండి. వేట లైసెన్సు పడవతో పాటు రాదు. అది మనిషికి, ఆ జలాశయానికి. చెరువైతే మత్స్య సహకార సంఘం మాట ముందు తీసుకోవాలి. శ్రీశైలం, సాగర్ అంచుల్లో అటవీశాఖ హద్దులు కూడా ఉన్నాయి.

పడవ సబ్సిడీ మీద వచ్చిందా అని తప్పక అడగండి. సబ్సిడీ పడవను ఇష్టం వచ్చినప్పుడు అమ్మడానికి వీల్లేకుండా షరతులుండొచ్చు. మంజూరు పత్రం చూసి, శాఖ నుంచి అభ్యంతరం లేదన్న కాగితం ఉంటేనే ముందుకెళ్లండి. ఇంకో మాట. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సబ్సిడీ సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతంగా పెట్టారు. పడవలకు అలాంటి సాయం మీకు అందే వీలుంటే కొత్త పడవలో మీ వాటా ఎంతో ముందు లెక్కేయండి. రిపేరు ఖర్చు కలిపాక పాత పడవ దానికి దగ్గరగా వస్తే పాతది కొనడంలో అర్థం లేదు.

అమ్మకం కాగితంలో పడవ పొడవు, వెడల్పు, రంగు, ఇంజన్ నంబరు, తేదీ రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. ఇంజన్ నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా ముట్టుకోకండి.

రిపేరు లెక్క వేసి బేరం

సుద్ద గీతలు గీసిన మేర కొలవండి. ఒక చదరపు మీటరు అతుకుకు, చదరపు మీటరుకు 450 గ్రాములుండే గాజుపీచు మ్యాటు మూడు పొరలంటే మ్యాటు 1.35 కిలోలు, రెజిన్ దానికి రెండున్నర రెట్లు, అంటే సుమారు 3.4 కిలోలు, హార్డనర్ (రెజిన్‌ను గట్టిపరిచేది) రెజిన్‌లో 1 నుంచి 2 శాతం. పగులు చుట్టూ ఫైబర్‌ను ఏటవాలుగా అరగదీయాలి. 5 మిల్లీమీటర్ల మందానికి ప్రతి వైపూ 6 సెంటీమీటర్లు. ఈ ఏటవాలు లేకుండా పైన అట్టముక్కలా అతికిన ప్యాచీ మొదటి వేసవిలోనే లేస్తుంది. ఇలాంటి పాత ప్యాచీలు పడవ మీద ఉంటే వాటిని కూడా మీ లెక్కలో కలపండి.

రిపేరు మీరే చేసుకునేవాళ్లయితే ఒకటి గుర్తుంచుకోండి. రెజిన్ గట్టిపడటాన్ని వేగిరపరిచే కోబాల్ట్ యాక్సిలరేటరునూ హార్డనర్‌నూ ఎప్పుడూ నేరుగా కలపకూడదు, మంటలు లేస్తాయి, పేలొచ్చు కూడా. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలపాలి, ఆ తర్వాతే హార్డనర్.

సామాను, కూలి కలిపి వచ్చిన మొత్తాన్ని చెప్పిన ధరలోంచి తీసేయండి. వెనక పలక కుళ్లి, గాలిపెట్టెల్లోనూ నీళ్లుంటే బేరమే వద్దు, ఆ రెండూ కలిసిన పడవ బాగుచేసే ఖర్చుకు ఇంకో పడవ వస్తుంది. బేరానికి మంచి సమయం చేపలు గుడ్లు పెట్టే వానాకాలం. వేట ఆగి పడవలు ఒడ్డున ఉంటాయి, చూడ్డానికీ వీలు, అమ్మేవాళ్లకూ తొందర.

తెచ్చాక

ట్రాక్టరు ట్రాలీలో వేసేటప్పుడు వెన్ను కింద వరిగడ్డి మందంగా పరవండి. తాడు అంచుల మీదుగా లాగి కట్టకండి, అడ్డబల్లల మీదుగా కట్టండి. ఇంటి దగ్గర రెండు కొసల కింద రాళ్లు పెట్టి వదలకండి. పొడవునా మట్టి బస్తాలు, లేదా బోర్లించి నీడలో. వెన్ను మీద అరిగిన చోటుకు రెండు పొరల మ్యాటు మొదటి వారంలోనే వేయించండి. ఇంకో తెడ్డు, నీళ్లు తోడే బొక్కెన తాడుతో కట్టి, 30 మీటర్ల మోకుతో లంగరు, ఎక్కే ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్. మొదటి వారం గాలి లేని ఉదయాల్లో, ఒడ్డు కనపడే దూరంలోనే నడపండి. రోజూ దిగగానే లోపల ఎన్ని మగ్గుల నీళ్లు తోడారో రాసుకోండి. ఆరు నెలలకోసారి మళ్లీ కాటా తగిలించి తూచి, ఆ అంకె పక్కనే రాయండి.